కంటి వైద్యుని వెదకుట: బందరు, గుడివాడ, దివిసీమల ముచ్చట

ఇరువదవ శతాబ్ది తొలి దినములలో బందరు పట్టణమున ఒక యువ వైద్యుడు ప్రాక్టీసు సాగించుచుండెను. మదరాసులో వైద్యవిద్య ముగించి వచ్చినవాడు. చేతినిండ పని కలవాడు. అయినను పదేండ్లు గడచిన పిమ్మట, 1916లో, ఆ వృత్తిని విడిచి దేశసేవకు దిగెను. ఆయనయే డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1923లో ఆంధ్రా బ్యాంకును బందరున స్థాపించినది ఆయనయే అని అందరెరుగుదురు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పినవాడు కూడ ఆయనయే అను సంగతి అంతగా ప్రచారములో లేదు.

వైద్యుడే భీమా కంపెనీ పెట్టెను గదా, మరి ఆ భీమా వైద్యమునకు పనికివచ్చెనా? రాలేదు. ఆనాటి భీమా ప్రాణమునకు సంబంధించినది. మనిషి పోయిన తరువాత కుటుంబమునకు డబ్బు చేరెడిది. అందులో డాక్టరు పని, దరఖాస్తు పెట్టిన వాని నాడి, గుండె పరీక్షించి, ‘ఇతడు బ్రతుకదగినవాడే’ అని సంతకము చేయుట. బ్రతికియున్న మనిషి కన్ను పోవుచున్నచో దానిని బాగుచేయించుటకు ఏ పాలసీయు అర్ధణా యిచ్చినది కాదు. ఒకే ఊరిలో, ఒకే మనిషి జీవితములో ఇరుగుపొరుగున నిలిచిన వైద్యము, భీమా ఒకదాని నొకటి కలిసికొనుటకు మరి అరువది యేండ్లు పట్టెను. ‘నా కార్డునకు ఏ కంటి డాక్టరు చూచును? పేరు ఎక్కడ వ్రాయించుకొనవలెను?’ అని నేడు ఇంటింట వినవచ్చు ప్రశ్నకు వెనుక ఈ దీర్ఘమైన కథ యున్నది.

అంతకు పూర్వము కృష్ణ దిగువ లంకలలో కంటికి పొర కమ్మినవాడు వైద్యుని వెదకుకొని పోవుట అరుదు. వైద్యుడే వీధిలోనికి వచ్చెడివాడు. సూదితో పొర తీయు ఆ విద్య చాల పాతది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రమున డెబ్బదియారు నేత్రరోగములు చెప్పబడినవి. లింగనాశమునకు, అనగా శుక్లమునకు, శలాకతో చేయు చికిత్స అందు వివరింపబడినది. కంటిలోని మసకబారిన కటకమును శలాకతో లోపలికి త్రోసివేయుదురు. అది చూపునకు అడ్డు తొలగి కంటి అడుగున పడియుండును. వెంటనే రోగి వ్రేళ్ళు లెక్కపెట్టును, మనుమని మొగము గుర్తుపట్టును, వైద్యునకు ధోవతుల చాపు, ధాన్యము ముట్టజెప్పును. కాని లోపల పడిన ఆ కటకము వలన కొన్నాళ్ళకు కన్ను ఎర్రబడి, పోటు పుట్టి, అనేకుల విషయములో చూపు మొత్తమునకే పోవును. అప్పటికి సూది వైద్యుడు పొలిమేర దాటి ఎంతో దూరము పోయియుండును. ఫ్రాన్సు దేశమున డావియెల్ అను వైద్యుడు 1747లో కటకమును లోపలికి త్రోయుట మాని వెలుపలికి తీసివేయు పద్ధతిని ఆరంభించెను. ఆ పద్ధతి మన పల్లెలకు చేరుటకు రెండు వందల యేండ్లు పట్టినదన్నను అతిశయోక్తి కాదు.

ఆ కాలమున కంటి ఆసుపత్రి అన్నచో మన ప్రాంతమునకు మదరాసే. 1819లో రాబర్టు రిచర్డుసన్ అను వైద్యుని చేత ఆరంభమైన ఆ కంటి వైద్యశాల, తరువాత ఎగ్మూరున స్థిరపడి, లండనులోని మూర్‌ఫీల్డ్సు తరువాత ప్రపంచములో రెండవ ప్రాచీన నేత్రవైద్యశాలగా పేరు పొందెను. అచటికి దివిసీమ వృద్ధుడు పోవుట యెట్లు? పడవలో బెజవాడ, అచటినుండి కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువ మీదుగా రోజుల తరబడి ప్రయాణము. 1899లో బెజవాడ–మదరాసు రైలుమార్గము, 1908లో గుడివాడ మీదుగా బందరు రైలు వచ్చిన తరువాత బందరు, గుడివాడల వారికి దారి సుగమమైనది. నాగాయలంక, కోడూరుల వారికి మాత్రము ఏటిని దాటుట తప్పలేదు.

ఆ మదరాసు ఆసుపత్రికి 1904 నుండి 1914 వరకు అధిపతిగా ఉన్న రాబర్టు హెన్రీ ఎలియట్ రెండు పనుల వలన స్మరింపదగినవాడు. నీటికాసుల వ్యాధికి కంటిలోని ఒత్తిడి తగ్గునట్లు చిన్న రంధ్రము చేయు శస్త్రచికిత్సను ఆయన 1909లో ప్రవేశపెట్టెను. అది ఆయన పేరనే ప్రపంచమున ప్రచారమైనది. రెండవది, సూదితో పొర త్రోయు మన దేశపు పద్ధతిపై ఆయన వ్రాసిన గ్రంథము. ఆ చికిత్స చేయించుకొని చెడిన కళ్ళను లెక్కకు మిక్కిలిగా పరీక్షించి ఆ గ్రంథమును 1917లో ప్రకటించెను. విచిత్రమేమనగా, ఈ దొర తరువాతి దినములలో లండనునందు ఇంద్రజాలికుల సంఘమున చేరి, మన గారడీవారి త్రాడు విద్య యథార్థమా కాదా అని విచారణ సాగించెను! హస్తలాఘవమును పట్టుకొను కన్ను ఆయనకు పుట్టుకతో వచ్చినదేమో. అయినను సూది వైద్యుని మోసగాడని కొట్టివేసినంత మాత్రమున కథ తీరదని మా అభిప్రాయము. అతడు ఇంటికి వచ్చెను, అరుగుపై కూర్చుండెను, పంటలు వచ్చిన తరువాత సొమ్ము పుచ్చుకొనెను. ఆసుపత్రి ఈ మూడింటిలో ఒక్కటియు చేయలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ లోటును కొంత తీర్చినవి కంటి శిబిరములు. వేసవి సెలవులలో బడి గదులే వార్డులు. రెండు కళ్ళకు కట్లు, తలకు ఇరుప్రక్కల ఇసుక సంచులు, కదలక మెదలక పరుండవలెనని ఆన. కటకమును పూర్తిగా తీసివేయుదురు గనుక తరువాత సీసా అడుగువంటి దళసరి కళ్ళజోడు తప్పదు. ఆ జోడు పగిలిననాడు చూపు పగిలినట్లే. ఇంగ్లండులో హెరాల్డు రిడ్లీ అను వైద్యుడు, యుద్ధ విమానముల గాజువంటి ప్లాస్టిక్ ముక్కలు కంటిలో దిగబడిన వైమానికులను చూచి, కన్ను ఆ పదార్థమును సహించుచున్నదని గ్రహించి, 1949లో మొదటి కృత్రిమ కటకమును కంటిలో అమర్చెను. ఆ కటకము మన శిబిరముల రోగులకు అందుబాటులోనికి వచ్చినది 1990వ దశకములోనే.

1976లో భారత ప్రభుత్వము అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమమును చేపట్టెను. 1994లో ప్రపంచ బ్యాంకు ఋణముతో ఏడు రాష్ట్రములలో శుక్లముల శస్త్రచికిత్స పథకము నడచెను. అందు ఆంధ్రప్రదేశము ఒకటి. ఈ కార్యక్రమము భీమా కాదు. కార్డు అడుగదు, నిరీక్షణ కాలము లేదు. 1996–2000 మధ్య మన రాష్ట్రమున పదివేల మందికి పైగా ప్రజల కళ్ళను పరీక్షించిన సర్వేలో, నూటికి సుమారు ఇద్దరు అంధులనియు, వారిలో నూటికి 44 మంది శుక్లము వలననే అంధులైరనియు తేలెను. ఆ సర్వే కొఱకు ఎన్నుకొన్న ప్రాంతములలో మన పొరుగుననే యున్న పశ్చిమ గోదావరి ఒకటి. నీరు, పైరు సమృద్ధిగా ఉన్న డెల్టాలో కూడ కళ్ళు మసకబారుచునే యున్నవి.

ఆ సర్వే జరిపిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యశాలను 1987లో హైదరాబాదున ఆరంభించిన డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు కృష్ణా జిల్లా వారే. ఏబది వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రము, దానిపై చిన్న ఆసుపత్రి, దానిపై పెద్ద ఆసుపత్రి అను మెట్ల పద్ధతిని ఆయన సంస్థ నడిపినది. 2011లో బెజవాడ చెంత తాడిగడపలో దాని శాఖ వెలసినది. మదరాసు దారి ఆనాటితో బందరు రోడ్డున ఒక బస్సు ప్రయాణమంత చిన్నదైనది.

ఇక భీమా సంగతి. 1956లో జీవిత భీమా కంపెనీలను ప్రభుత్వము స్వాధీనము చేసికొని కార్పొరేషను స్థాపించెను. పట్టాభిగారి కాలపు కంపెనీల జీవిత భీమా వ్యాపారము అచట ముగిసినది. 1986లో సాధారణ భీమా సంస్థలు మెడిక్లెయిం అను పాలసీని తెచ్చినవి. డాక్టరు బిల్లు, భీమా సొమ్ము తొలుత మన సామాన్య గృహస్థునికి ఒకచోట కనబడినది అప్పుడే. మొదట రోగియే డబ్బు కట్టి రసీదులు పంపవలెను. 2001లో మధ్యవర్తి సంస్థలకు నిబంధనలు వచ్చినవి. తరువాత ‘నెట్‌వర్కు ఆసుపత్రి’ అను మాట, నగదు లేని చికిత్స వాడుకలోనికి వచ్చినవి. 2007లో పేదల కొఱకు మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ ఆరంభమై, మరుసటి యేటికి రాష్ట్రమంతట వ్యాపించెను. దాని పేరు ప్రభుత్వములతో పాటు మారుచు వచ్చినది, నేడది ఎన్.టి.ఆర్. వైద్యసేవ. కార్నియా మార్పిడి, రెటీనా చికిత్సల వంటివి దాని జాబితాలో చేరినవి. శుక్లమునకు మాత్రము ముఖ్యమార్గము జాతీయ కార్యక్రమమే.

ఇచట మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలెను. మా బాబాయిగారు నాగాయలంక సమీపమున వ్యవసాయము చేయుచుండిరి. ఎడమ కన్ను మసకగా ఉన్నదని ఆయన అన్నప్పుడు, ‘పొర వచ్చి ఉంటుంది, పండనివ్వు’ అని ఊరివారందరు అనిరి. కుమారుడు ఉద్యోగస్థుడు, తండ్రిని చేర్చి ఒక పాలసీ తీసికొనెను. అందు శుక్లమునకు ఇరువదినాలుగు నెలలు నిరీక్షణ. ఏజెంటు ఉన్నది ఉన్నట్లే చెప్పెను; అతని దోషమేమియు లేదు. రెండేండ్లు ఆగినచో డబ్బు ఖర్చు లేదు గదా అని బాబాయిగారు ఆగిరి. గడువు తీరిన వారమే మూడు గంటలు బస్సులో ప్రయాణము చేసి ఒక పెద్ద ఆసుపత్రికి పోయిరి. జాబితాలో ఆ ఆసుపత్రి పేరు ఉన్నమాట నిజమే. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి కార్డు చూచి, ‘పెద్దాయనా, ఈ కార్డు మా దగ్గర ఎముకలకే అండీ, కళ్ళకు కాదు’ అనినది. మరియొక వారమునకు మరియొక ఆసుపత్రి. అక్కడ డాక్టరు పాపను వెడల్పు చేసి చూచి, ‘శుక్లం కొంచెమే ఉందండీ. ఇది నీటికాసులు. ఎడమ కన్ను ఇక రాదు, కుడి కన్ను కాపాడుకుందాం’ అని చెప్పెను.

శుక్లము సాధారణముగా కొంతకాలము ఆగును, తీసినచో చాలవరకు చూపు తిరిగి వచ్చును. నీటికాసులు ఆగవు. అవి నొప్పి లేక, ఎరుపు లేక, ప్రక్కచూపును కొరుకుచు వచ్చును. పోయిన చూపు ఏ శస్త్రచికిత్సతోను రాదు. రెండింటిని వేరుచేసి చెప్పగల పరీక్ష పట్టుమని గంట పని. నిరీక్షణ కాలము శస్త్రచికిత్స సొమ్మునకే గాని పరీక్షకు కాదని బాబాయిగారికి చెప్పినవారు లేరు. మేమును చెప్పలేదు. నిత్యము మైకు ముందు లోకమునకు వార్తలు చెప్పు మాకు, ఇంటిలోని పెద్దవానికి ఆ ముక్క చెప్పవలెనని తోచలేదు.

కావున వెదకువారు తెలిసికొనదగిన కొన్ని సంగతులు. భీమా కంపెనీ కాగితముపై నున్న ఫోను నంబరునకు గాని, వైద్యసేవ కార్డు కలవారు 104కు గాని ముందు ఫోను చేసి, ‘ఈ ఆసుపత్రి మీ జాబితాలో ఉన్నదా’ అని కాక, ‘కంటి విభాగమునకు ఉన్నదా’ అని అడుగవలెను. ఆసుపత్రులను విభాగముల వారీగా చేర్చుకొందురు. వైద్యసేవ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి ఉండును; ముందుగా అతనిని కలిసికొనుట మేలు. కార్డుపై పేరు, ఆధారుపై పేరు ఒక్కటిగా ఉన్నవో లేవో ఇంటనే చూచుకొనవలెను. సుబ్బమ్మ అని ఒకచోట, వెంకట సుబ్బమ్మ అని మరియొకచోట ఉన్నందుకు మనుషులు తిరిగి వచ్చిన సందర్భములు కలవు. కళ్ళజోడు వెల, మామూలు పరీక్ష రుసుము సాధారణముగా పాలసీలలో చేరవు. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని అను ఒకేరీతి పాలసీలో శుక్లమునకు ఇరువదినాలుగు నెలల నిరీక్షణ, కంటికి 40,000 రూపాయలు లేక భీమా మొత్తములో నాలుగవ వంతు, ఏది తక్కువైన అది, అని హద్దు పెట్టిరి. ఖరీదైన కటకము కోరినచో తేడా మనమే భరింపవలెను. ఆ తేడా ఎంతయో శస్త్రచికిత్సకు ముందే కాగితముపై వ్రాయించుకొనవలెను. 2024లో వచ్చిన నియమము ప్రకారము నగదు లేని చికిత్స కోరిన దరఖాస్తునకు గంటలోపల జవాబు రావలెను.

నలువది దాటినవారికి అందరికిని చత్వారము వచ్చును. మాకును వచ్చినది, ప్రసంగ పాఠమును చేయి చాచి చదువు స్థితికి వచ్చిన తరువాతనే అద్దాలు పెట్టుకొంటిమి. ఆ అద్దాల కొఱకు పోయిన దినముననే కంటి ఒత్తిడిని కూడ చూపించుకొనవచ్చును. తండ్రికో, మేనమామకో నీటికాసులు ఉన్నవారు ఏటేట చూపించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. మా బాబాయిగారి మాట తెలిసిన తరువాత మేము అన్నదమ్ములము నలుగురమును పోయి చూపించుకొంటిమి. మా తమ్మునికి ఒత్తిడి హెచ్చుగా ఉన్నది. చుక్కల మందు వాడుచున్నాడు. బాబాయిగారు మూడు నెలల కొకసారి బెజవాడకు వచ్చి, కుడి కన్ను చూపించుకొని, సాయంకాలపు బస్సుకు తిరిగి పోవుచున్నారు.