తాళంచెవి ఎవరి చేతిలో? బ్రిటన్ జైళ్లు, ఆసుపత్రుల్లో క్రైస్తవ చాప్లెయిన్ల పాత్ర

చర్చికి రాగలిగినవారికి పాస్టరు ఉంటారు. రాలేని చోట ఉన్నవారి కోసం, అంటే ఖైదీలు, రోగులు, సైనికుల కోసం బ్రిటన్‌లో చాప్లెయిన్ ఉంటారు. జీతం ఎక్కువగా ఆ జైలు, ఆసుపత్రి లేదా సైన్యమే ఇస్తుంది. శతాబ్దాలుగా ఈ పదవి క్రైస్తవ గురువులది, ఇంగ్లండ్‌లోనైతే ముఖ్యంగా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారిది. ఇప్పుడు అవే వార్డుల్లో, అవే బ్యారక్‌లలో ముస్లింలు, హిందువులు, సిక్కులు, ఏ మతమూ లేనివారు కూడా ఉన్నారు. మరి క్రైస్తవ చాప్లెయిన్ ఇతర మతాలవారికి తలుపు తీస్తున్నారా, తలుపుకు అడ్డంగా నిలబడ్డారా? పరిశోధనల్లో రెండు వాదనలకూ ఆధారాలు దొరుకుతాయి. వాటి బలాబలాలను తూచి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మారిన జనాభా, మారని చట్టం

2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవారు 59.3 శాతం. 2021 నాటికి ఆ వాటా 46.2 శాతానికి పడిపోయింది. అదే ఏడాది మతం లేదన్నవారు 37.2 శాతం, ముస్లింలు 6.5, హిందువులు 1.7, సిక్కులు 0.9 శాతం. జైళ్లలో లెక్క వేరు. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడి ఖైదీల్లో ప్రతి ఆరుగురిలో ఒకరికి మించి ముస్లింలే.

చట్టం మాత్రం పాత కాలానిదే. జీతమిచ్చి జైళ్లకు మతగురువులను పెట్టుకునే అధికారాన్ని పార్లమెంటు 1773లో మేజిస్ట్రేట్లకు ఇచ్చింది. ఇతర శాఖల గురువులకు 1863 చట్టం చోటు కల్పించింది. ఇప్పటికీ అమల్లో ఉన్న 1952 జైళ్ల చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ప్రతి జైలుకూ ఒక చాప్లెయిన్ ఉండి తీరాలి, ఆయన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గురువై ఉండాలి. 10వ సెక్షన్ మిగతావారి సంగతి చెబుతుంది: వేరే మతశాఖ ఖైదీలు తగినంత మంది ఉన్నారని మంత్రి భావిస్తే వారి గురువును నియమించవచ్చు. అంటే ఒకరి నియామకం తప్పనిసరి, మిగతావారిది మంత్రి విచక్షణ. ఆసుపత్రులకు ఇలాంటి చట్టమేమీ లేదు. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు చాప్లెయిన్లను పెట్టుకోమని ప్రభుత్వం ఉత్తర్వుల ద్వారా సూచించింది, అంతే.

మధ్యవర్తి దయ

ఈ తేడా ఆచరణలో ఎలా పనిచేసిందో వారిక్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బెక్‌ఫర్డ్, సోఫీ గిలియట్ పరిశీలించి 1998లో పుస్తకంగా తెచ్చారు. ఇతర మతాల గురువులు అప్పట్లో జైలుకు అతిథులుగానే వచ్చి వెళ్లేవారు. ప్రార్థనకు గది కావాలన్నా, తమ మతం ఖైదీలెవరో తెలియాలన్నా, ఒక్కోసారి జైలు లోపల అటూఇటూ తిరగాలన్నా ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) చాప్లెయిన్ సాయం తప్పేది కాదు. చాలామంది చాప్లెయిన్లు మనస్ఫూర్తిగానే సాయపడ్డారని పరిశోధకులు రాశారు. అయితే ఒకరి మంచితనంపై ఆధారపడే ఏర్పాటు సమానత్వం కాదన్నది వారి విమర్శ. హక్కుగా దక్కాల్సినది దయగా అందుతోందని దాని సారం.

దీనికి ఎదురుగా నిలిచే ఆధారమూ ఉంది. బెక్‌ఫర్డ్ మరో ఇద్దరితో కలిసి బ్రిటన్, ఫ్రాన్స్ జైళ్లలోని ముస్లింలపై చేసిన పరిశోధన 2005లో వెలువడింది. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టుకున్న ఫ్రాన్స్‌లో కంటే, అధికారిక చర్చి ఉన్న ఇంగ్లండ్‌లోనే ముస్లిం ఖైదీలకు మెరుగైన ఏర్పాట్లు కనిపించాయి. చాప్లెయిన్సీ అనే పద్ధతి అప్పటికే ఉండటంతో అందులో ఇమామ్‌లకు చోటు అడగటం సులువైంది. అధికారిక చర్చి బలహీనంగా కొనసాగటం అల్పసంఖ్యాక మతాలకూ మేలేనని సామాజిక శాస్త్రవేత్త తారిక్ మొదూద్ 1990లలోనే వాదించారు. అయితే ఫ్రాన్స్‌తో ఈ పోలికను మరీ సాగదీయకూడదు. రెండు దేశాల వలస చరిత్ర వేరు, జైలు పాలన వేరు. తేడాకు చర్చి ఒక్కటే కారణమని దీన్నిబట్టి తేల్చలేం.

అతిథుల నుంచి సహోద్యోగులుగా

తర్వాతి మార్పులు స్పష్టంగానే కనిపిస్తాయి. 1999లో జైళ్ల శాఖ తొలిసారి ముస్లిం సలహాదారును నియమించింది. 2003లో లెస్టర్‌షైర్‌లోని మార్క్‌ఫీల్డ్ ఇస్లామిక్ విద్యాసంస్థ ముస్లిం చాప్లెయిన్లకు శిక్షణ మొదలుపెట్టింది. 2005లో సాయుధ దళాలకు హిందూ, ముస్లిం, సిక్కు, బౌద్ధ చాప్లెయిన్లు పౌర ఉద్యోగులుగా వచ్చారు. జైళ్లలో చాప్లెయిన్ల బృందానికి మేనేజర్‌గా ఇమామ్‌లు కూడా పనిచేశారు.

పని కూడా మారింది. జైళ్లకు 2016లో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ 24 గంటల్లోపు చాప్లెయిన్సీ నుంచి ఎవరో ఒకరు కలవాలి. విడిగా ఉంచిన ఖైదీలను రోజూ చూడాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఇమామ్ అయితే క్రైస్తవ ఖైదీని ఆయనే పలకరిస్తారు. పాస్టరు ఉంటే హిందూ ఖైదీకి తండ్రి పోయిన కబురు ఆయనే చెప్పాల్సి రావచ్చు. పూజలు, ప్రార్థనలు ఎవరివి వారివే. ఓదార్పు పని మాత్రం అందరిదీ.

ఆసుపత్రుల్లో ఈ విభజనకు స్కాట్లాండ్ ముందు దారి వేసింది. అక్కడి 2002 మార్గదర్శకాలు మతపరమైన సేవనూ, ఏ విశ్వాసాన్నీ ముందుగా ఊహించుకోని ఆత్మిక సేవనూ వేరుచేసి చూపాయి. ఇంగ్లండ్‌లో 2015 మార్గదర్శకాలు మతం లేని రోగులనూ లెక్కలోకి తీసుకున్నాయి. 2018లో బకింగ్‌హామ్‌షైర్ ఆసుపత్రుల చాప్లెయిన్ల బృందానికి ఒక హ్యూమనిస్టు (మతం లేని మానవతావాది) నాయకత్వం వహించారు.

అయినా చర్చి పట్టు పూర్తిగా సడలలేదు. షేర్‌వుడ్ ఫారెస్ట్ ఆసుపత్రుల్లో చాప్లెయిన్ ఉద్యోగానికి ఎంపికైన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గురువు జెరెమీ పెంబర్టన్‌కు, ఆయన స్వలింగ వివాహం చేసుకున్నారన్న కారణంతో, బిషప్ లైసెన్సు ఇవ్వలేదు. ఉద్యోగం చేజారింది. 2018లో అప్పీలు కోర్టు ఆయన అప్పీలును కొట్టేసింది. జీతం ప్రభుత్వ ఆసుపత్రిదే అయినా అర్హత తేల్చేది చర్చే అని ఈ కేసు చూపింది.

ఫలితం కొలవగలమా?

చాప్లెయిన్ వల్ల రోగికి మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇంకా లేదు. మరణానికి చేరువైన రోగులకు అందించే ఆత్మిక, మతపరమైన సేవలపై వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2012లో తెచ్చిన సమీక్షకు పనికొచ్చే పరీక్షలు 5 మాత్రమే దొరికాయి. వాటి నుంచి ఏ నిర్ధారణకూ రాలేమని సమీక్షకులు తేల్చారు. మేలు లేదని దీని అర్థం కాదు. ఉందని చెప్పడానికీ ఈ ఆధారం చాలదు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చర్చ దూరపుదేమీ కాదు. అవసాన దశలో నోట్లో తులసి తీర్థం పోయాలనుకుంటారు. ఆక్సిజన్ ఉన్నచోట దీపం వెలిగించనివ్వరు. ఆసుపత్రిలో అన్ని వేళలా హిందూ చాప్లెయిన్ అందుబాటులో ఉండకపోవచ్చు. అప్పుడు నర్సులతో మాట్లాడేదీ, పురోహితుడికి ఫోన్ చేయించేదీ డ్యూటీలో ఉన్న క్రైస్తవ చాప్లెయినే కావచ్చు. ఆ సాయం విలువైనదే. తెలుగు క్రైస్తవ కుటుంబానికైతే ఆయన తమ విశ్వాసం తెలిసిన మనిషి కూడా.

ఆధారాలన్నీ కలిపి చూస్తే ఒక పరిమితమైన మాట చెప్పవచ్చు. క్రైస్తవ చాప్లెయిన్సీ వేసిన చట్రమే ఇతర మతాలకు లోపలికి దారి ఇచ్చింది, ఎంతవరకు రావచ్చో గీత గీసిందీ ఆ చట్రమే. ఆ గీత ఎటు జరుగుతోందో చాప్లెయిన్ల మర్యాదను బట్టి తెలియదు. జీతం వచ్చే గంటలు ఏ మతానికి ఎన్ని, బృందానికి పెద్దగా ఎవరు ఉండగలరు, అడిగిన రోగికి తన మతం మనిషి ఎంతసేపటికి వచ్చారు అన్న లెక్కలను ప్రతి సంస్థా ప్రచురిస్తే తెలుస్తుంది. జైళ్ల చట్టంలోని 7వ సెక్షన్‌ను మార్చాలా వద్దా అన్న వాదన కూడా అప్పుడు అభిప్రాయాల మీద కాక ఆధారాల మీద సాగుతుంది.