శిశు బాప్తిస్మము, వయోజన బాప్తిస్మము: బిలాసపూరు తెలుగువారి దృష్టితో ఒక పరిశీలన

తెలుగు బైబిలునందలి "బాప్తిస్మము" అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ముంచుట యని దానికి మూలార్థము. కతోలికులు దీనినే జ్ఞానస్నానమందురు. ముంచుట యని తెనిగించినచో శిరస్సుపై నీరు చల్లు సంఘములవా రొప్పుకొనరు; చల్లుట యన్నచో ముంచువా రొప్పుకొనరు. గ్రీకు మాట నట్లే నిలుపుటచే ఉభయులకును ఒకే గ్రంథము చెల్లినది.

నిజమునకు ఈ వివాదము నీటి కొలతను గూర్చినది కాదు. తన విశ్వాసమును తన నోట చెప్పలేని పసిబిడ్డకు ఈ సంస్కారము తగునా యన్నదే ప్రశ్న. తగునన్నవారు, తల్లిదండ్రుల విశ్వాసము బిడ్డకు నీడ యనియు, ఇంటివారందఱును కలిసి బాప్తిస్మము పొందిరని అపొస్తలుల కార్యములలో నున్నదనియు చూపుదురు. తగదన్నవారు, నమ్మినవాడే నీట దిగవలె నందురు. క్రీ.శ. 200 ప్రాంతమున తెర్తుల్లియను పసివారి బాప్తిస్మమును వాయిదా వేయుట మేలని వ్రాసెను. వాయిదా వేయుమని చెప్పవలసి వచ్చెననగా ఆనాటికే ఆ యాచారము కలదన్నమాట! 1525లో జూరిచ్ నగరమున కొందఱు తమ శిశు బాప్తిస్మమును కాదని మరల బాప్తిస్మము పొందిరి. వారిలో ఫెలిక్స్ మాంట్స్ అనువానిని 1527లో నగరాధికారులు నదిలో ముంచి చంపించిరి.

తెలుగుదేశమునకు ఈ రెండు సంప్రదాయములును వేర్వేరు ఓడలలో వచ్చినవి. 1842లో గుంటూరు చేరిన హేయర్ లూథరన్ మతగురువు. శిశువులకు బాప్తిస్మమిచ్చు సంఘమువాడు. నెల్లూరు, ఒంగోలులలో అమెరికను బాప్టిస్టులును, 1874 నుండి కాకినాడ మొదలు ఉత్తర సర్కారులలో కెనడా బాప్టిస్టులును విశ్వసించిన పెద్దలను మాత్రమే ముంచిరి. కాకినాడలో వారికి ముందే పని ప్రారంభించిన తామసు గాబ్రియేలు తంతి శాఖలో ఉద్యోగము చేసి, దానిని వదలి బోధకుడైనవాడు.

ఒంగోలు వృత్తాంతము విడిగా చెప్పదగినది. 1876–78 కరవులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంత భాగము గుత్తకు పుచ్చుకొని బీదలకు పని కల్పించెను. పూర్వము భూమి కొలతల పని చేసినవాడగుటచే అది యతనికి క్రొత్త కాదు. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవా రనేకులు. కూలి కొఱకు, కూటి కొఱకు మతములో చేరిరన్న మాట పడకుండుటకై అతడు ఏడాదికి పైగా ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము పంచుట మానలేదు, బాప్తిస్మము మాత్రము మానెను. కరవు తగ్గిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీట నిలిచిరి. వచ్చినవారిలో పెక్కుమంది మాదిగలు.

ఇచ్చట ఒక చమత్కారము గలదు. వ్యక్తి విశ్వాసమే ప్రధానమని బోధించిన సంఘములోనికి బంధువులతో, పెద్దలతో పల్లెలకు పల్లెలే కదలి వచ్చినవి. మఱియొకవైపు, 1912లో దోర్నకల్లు బిషప్పైన అజరయ్య కాలమున ఆంగ్లికన్ సంఘము కుటుంబములను పిల్లలతో సహా చేర్చుకొన్నను, ఆ పిల్లలు పెరిగిన పిదప కన్ఫర్మేషనునాడు తమ విశ్వాసమును తామే ఒప్పుకొనవలసి యుండెను. ఒకరు ముందడిగిన ప్రశ్నను మఱొకరు తరువాత అడిగిరి. అంతియే భేదమని తోచును.

రైలు ఈ తారతమ్యమును ఛత్తీసుగఢ్‌కు మోసికొనివచ్చినది. ఇచ్చటి భూమి దీనికి క్రొత్త కాదు. 1868లో లోర్ అను జర్మను మతగురువు బిశ్రాంపూరులో శిశు బాప్తిస్మము గల సంఘమును నాటెను. 1885లో అమెరికా డిసైపుల్స్ మిషనువారు బిలాసపూరు వచ్చి, విశ్వాసము నొప్పుకొన్న పెద్దలనే ముంచు ఆచారమును తెచ్చిరి. 1891లో బంగాళా–నాగపూరు రైలుమార్గము ఆసన్‌సోల్ వఱకు పూర్తియైనది. ఆ పిదప తెలుగు జిల్లాలనుండి రైల్వే ఉద్యోగములకు వచ్చిన కుటుంబములకు మతాచారము తాతగారి ఊరినిబట్టి యుండెను. గుంటూరు లూథరన్ కుటుంబమున బిడ్డకు నెలల వయస్సునందే బాప్తిస్మము. శ్రీకాకుళము బాప్టిస్టు కుటుంబమున యౌవనము వచ్చువఱకు లేదు. ఒకప్పుడు గుడి బాప్తిస్మపు పుస్తకమునందలి జననతేది వయోనిర్ధారణకు ఆధారమగుచుండెను గాన, ఈ విషయమున మొదటివారికి కొంత సౌలభ్యము!

చిక్కు వివాహసమయమున వచ్చును. ఒక కుటుంబము పిల్లవానిని మరల ముంచవలె నన్నచో, రెండవ కుటుంబమునకు అది తమ తల్లిదండ్రులు చేసినదానిని రద్దుచేసినట్లు తోచును. ముంచనక్కఱలేదన్నచో మొదటివారికి అది సంస్కారమే కానట్లు తోచును. ఇందు ఇరువురును అబద్ధమాడుట లేదు. కావుననే తగవు తీరుట కష్టము.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము వెలసినపుడు తెలుగు బాప్టిస్టులును లూథరన్లును వెలుపలనే నిలిచిరి. ఉత్తరదేశమున కథ మఱొక విధముగా నడచెను. 1970 నవంబరు 29న నాగపూరులో ఆరు సంఘములు కలిసి ఉత్తర ఇండియా సంఘమైనవి. బాప్టిస్టులలో ఒక వర్గమును, డిసైపుల్సును అందు చేరిరి, ఆంగ్లికన్లును చేరిరి. శిశు బాప్తిస్మము, విశ్వాసి బాప్తిస్మము రెండును సమానముగా చెల్లునని ఆ సంఘము నిబంధన చేసికొనెను. బిడ్డకు బాప్తిస్మము వలదనుకొన్న తల్లిదండ్రులు ఆశీర్వాదమునకై గుడికి తీసికొనివత్తురు. వాడు పెరిగి తానే యడుగును. శిశువునకు బాప్తిస్మ మిచ్చుటకు మనస్సొప్పని గురువును నిర్బంధింపరాదు. ఆ పని మఱొక గురువు చేయును. శైశవమున బాప్తిస్మము పొందినవాడు పెద్దయై మనస్సాక్షిచే మరల కోరినచో ఏమి చేయవలెనన్న కడపటి చిక్కును మాత్రము సూత్రముతో తేల్చక, ఆ వ్యక్తిని పిలిచి మాటలాడి మార్గము చూపుమని బిషప్పునకు వదలిరి.