ఒకరినొకరు నమ్మని సుల్తానులు ఎలా కలిశారు?

ఫ్రెండ్స్, స్పేస్ సినిమాల్లో పడని గ్రహాలు కూటమి కడతాయి కదా, అలాంటి కథ మన దగ్గరా ఉంది. గద్వాల, అలంపూర్‌ల నడిగడ్డ అంటే రాయచూరు అంతర్వేదికి తూర్పు కొస. ఈ అంతర్వేది కోసం విజయనగరం, బీజాపూర్ తరతరాలు కొట్టుకున్నాయి.

అయినా 1558 ప్రాంతంలో బీజాపూర్ అలీ ఆదిల్ షా, విజయనగరం రామరాయలు కలిసి అహ్మద్‌నగర్ మీద పడ్డారు. తర్వాత సీన్ రివర్స్. అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి, కట్నంగా షోలాపూర్ కోట ఇచ్చాడు. అలీ తోబుట్టువేమో హుస్సేన్ ఇంటి కోడలు. నమ్మకమే ఉంటే ఇన్ని పెళ్లిళ్లెందుకు చెప్పండి?

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఇంకా విచిత్రం. అన్న భయంతో పారిపోయి ఏడేళ్లు రామరాయల దగ్గరే తలదాచుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఇతన్నే. అతనూ ఇటే చేరాడు!

1565 జనవరి 23న తళ్లికోట యుద్ధం. రామరాయల తల తెగింది. రాయచూరు, ముద్గల్ బీజాపూర్ పాలయ్యాయి. కొన్నేళ్లకే వియ్యంకులు మళ్లీ కత్తులు దూశారు.