వెల్డు రేడియోగ్రఫీ చరిత్ర: ఫిల్ము నుంచి డిజిటల్ దాకా, హజీరా తీరం ఉదాహరణగా

వెల్డు రేడియోగ్రఫీ అంటే రెండు లోహపు ముక్కలను కలిపిన అతుకును కోయకుండా, దాని లోపలి స్థితిని ఎక్స్‌రే లేదా గామా కిరణాలతో చూసే పరీక్ష. గాలి బుడగలు, చిక్కుకుపోయిన స్లాగ్, సరిగా కలవని అంచులు, అడుగుదాకా చేరని వెల్డు వంటి లోపాలున్న చోట కిరణాలకు అడ్డు తగ్గుతుంది. అందుకే ఫిల్ముపై ఆ చోటు చుట్టుపక్కల కంటే నల్లగా పడుతుంది. ఫిల్ముకు బదులు ఫాస్ఫర్ ప్లేటు గానీ ఎలక్ట్రానిక్ ప్యానెల్ గానీ వాడితే దాన్ని డిజిటల్ రేడియోగ్రఫీ అంటారు. గుజరాత్‌లో సూరత్ శివారు డుమస్‌కు ఎదురుగా, తాపీ నది ముఖద్వారం ఆవలి ఒడ్డున ఉన్న హజీరా ఈ పరీక్షకు ఎడతెగని పని కల్పించిన పారిశ్రామిక ప్రాంతాల్లో ఒకటి.

తొలి దశ

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8న వుర్జ్‌బర్గ్‌లో ఎక్స్‌రేలను గుర్తించాడు. వాటిపై రాసిన తొలి పత్రంలోనే, ఒక లోహపు ముక్క లోపలి అసమానత ఈ కిరణాలతో బయటపడిందని పేర్కొన్నాడు. అంటే వైద్యానికి, పరిశ్రమకు దారి ఒకే పత్రంలో పడింది. అయితే తొలినాటి గొట్టాలకు మందపాటి ఉక్కును దాటే శక్తి లేదు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో విలియం కూలిడ్జ్ 1913లో వేడి తంతువుతో పనిచేసే గొట్టాన్ని రూపొందించాకే స్థిరమైన, బలమైన కిరణాలు చేతికొచ్చాయి.

పారిశ్రామిక రేడియోగ్రఫీకి అసలు పునాది 1922లో పడింది. ఆ ఏడాది అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో హొరేస్ లెస్టర్ 2 లక్షల వోల్టుల యంత్రంతో ప్రయోగశాల పెట్టి, అంగుళాల మందపు ఉక్కు పోతల లోపాలను ఓపికగా నమోదు చేశాడు. ఆ దశాబ్దం చివర అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో రాబర్ట్ మెల్ రేడియం గామా కిరణాలతో మందమైన పోతలను పరీక్షించాడు. కరెంటు అక్కర్లేని, చేత్తో మోసుకుపోగల సాధనంగా గామా వనరు అక్కడ నిరూపణ అయింది.

కోడ్లు, ఓడలు (1931–1943)

వెల్డు నిపుణుడి చేతిపనితనంపై నమ్మకం స్థానంలో రుజువు వచ్చిన కాలమిది. అంతవరకు బాయిలర్లకు రివెట్లే శరణ్యం. ఎక్స్‌రే పరీక్ష చేయాలన్న షరతుతో, కరిగించి అతికిన పీడన పాత్రలను అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఏఎస్‌ఎంఈ 1931లో తన బాయిలర్ కోడులోకి అనుమతించింది. ఆ వెంటనే హూవర్ ఆనకట్టకు నీటి గొట్టాలు చేసిన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీ, రైల్లో పట్టని 30 అడుగుల వ్యాసపు ఉక్కు గొట్టాల కోసం కట్టడం దగ్గరే కర్మాగారం నెలకొల్పి, వెల్డులను ఎక్స్‌రేతో పరీక్షించింది. 1941లో రేడియోగ్రాఫర్ల వృత్తి సంఘం ఏర్పడింది. అమెరికా విధ్వంసరహిత పరీక్షల సంస్థ అయిన నేటి ఏఎస్‌ఎన్‌టీ అదే.

1943 జనవరి 16న పోర్ట్‌లాండ్ రేవులో, కదలని నీటిలో నిలిచి ఉన్న షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు దాదాపు రెండు ముక్కలైంది. పెళుసు ఉక్కు, వెల్డు లోపాలు కలిసి తెచ్చిన చేటు అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రియాక్టర్లలో తయారయ్యే ఇరిడియం-192, కోబాల్ట్-60 రేడియం స్థానాన్ని ఆక్రమించాయి.

భారతదేశంలో

ట్రాంబేలో అప్సర (1956), సైరస్ (1960) రియాక్టర్లు నడవడంతో ఐసోటోపులు స్వదేశంలోనే తయారుకాసాగాయి. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ), 1989లో ఐసోటోపుల సరఫరాకు బ్రిట్ సంస్థ ఏర్పడ్డాయి. తెలుగు నాట విశాఖపట్నంలో 1966లో మొదలైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్, అంటే నేటి భెల్ శాఖ, పీడన పాత్రల తయారీకి పేరు పొందింది. అలాంటి కర్మాగారాల్లో రేడియోగ్రఫీ దినచర్య.

డుమస్–హజీరా తీరం

పడమటి సముద్రపు గ్యాస్ ఒడ్డుకు చేరే చోటు కావడంతో 1980లలో హజీరా రూపం మారిపోయింది. ఓఎన్‌జీసీ గ్యాస్ శుద్ధి కేంద్రం, క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1984లో ఏర్పడిన గెయిల్ అక్కడి నుంచి విజయ్‌పూర్ మీదుగా జగదీశ్‌పూర్‌కు 1,700 కి.మీ.కు పైగా పైపులైను వేసింది. ఒక్కో పైపు 12 మీటర్లనుకుంటే, ఇంత దూరానికి చుట్టు వెల్డులే లక్షా నలభై వేల దాకా ఉంటాయి. తర్వాత లార్సెన్ అండ్ టుబ్రో భారీ ఇంజనీరింగ్ కర్మాగారం, రిలయన్స్ పెట్రోకెమికల్స్, 2005లో ద్రవీకృత గ్యాస్ టెర్మినల్ చేరాయి. ఫ్రాన్స్‌లోని ఈటర్ ఫ్యూజన్ రియాక్టర్ కోసం క్రయోస్టాట్ అనే 3,850 టన్నుల భారీ ఉక్కు పాత్ర భాగాలను హజీరాలోనే తయారుచేశారు. పైమూత చివరి భాగాలు 2020 జూన్ 30న అక్కడి నుంచి బయలుదేరాయి. ఈ కర్మాగారాలు నది ఒడ్డున నిలిచినందున, రోడ్డుపై సాగని పాత్రలు నేరుగా నీటి మార్గాన వెళ్తాయి. ఓడెక్కిన పాత్రకు వెల్డు రిపేరు పడితే నష్టం చాలా పెద్దది. కాబట్టి తనిఖీ తయారీ చోటే ముగియాలి.

2009లో కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్‌కు దాదాపు 1,400 కి.మీ. మేర 48 అంగుళాల గ్యాస్ లైను నడవసాగింది. గోదావరి తీరాన్ని, దక్షిణ గుజరాత్‌ను ఈ లైను కలిపింది.

డిజిటల్ రాక

1983లో ఫ్యూజీ సంస్థ వైద్య రంగానికి ఫాస్ఫర్ ప్లేట్లను మార్కెట్లోకి తెచ్చింది. 1990లలో ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. పరిశ్రమ వీటిని నమ్మడానికి ప్రమాణాలు కావలసి వచ్చాయి. ఫాస్ఫర్ ప్లేట్లకు 2005లో ఐరోపా ప్రమాణం ఈఎన్ 14784, వెల్డుల డిజిటల్ పరీక్షకు 2013లో ఐఎస్‌ఓ 17636 రెండో భాగం వెలువడ్డాయి. 2022లో దీన్ని సవరించారు. ఫిల్ములో నలుపు సాంద్రతను కొలిచినట్టే, డిజిటల్ చిత్రంలో సంకేతానికీ గోలకీ మధ్య నిష్పత్తిని, జంట తీగల సూచికతో స్పష్టతను కొలవాలని ఈ ప్రమాణం నిర్దేశించింది.

ప్రయోజనాలు

మొదటిది సమయం. ఫిల్మును చీకటి గదిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 5 నిమిషాలు డెవలపర్‌లో ఉంచి, ఫిక్సర్‌లో ముంచి, కడిగి, ఆరబెట్టాలి. షాట్ చెడిందని అప్పుడే తెలుస్తుంది. ప్యానెల్‌పై చిత్రం క్షణాల్లో వస్తుంది, వెల్డరు యంత్రం దగ్గరే ఉండగానే రిపేరు చెప్పవచ్చు.

రెండోది రేడియేషన్. ప్యానెల్‌కు తక్కువ మోతాదు చాలు, మళ్లీ తీసే షాట్లు తగ్గుతాయి. దాంతో తాడు కట్టి జనాన్ని ఆపే ప్రాంతమూ వ్యవధీ కుదించుకుంటాయి. కార్మికుడికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదన్న మన నిబంధన పాటించడం సులువవుతుంది.

మూడోది చిత్రపు పరిధి. మందం తేడాలున్న నాజిల్ వెల్డులో పలుచని భాగాన్నీ దట్టమైన భాగాన్నీ ఒకే షాట్‌లో చదవవచ్చు. లోపం పొడవును తెరపైనే కొలవవచ్చు. రసాయనాలు, వెండి ఉన్న వ్యర్థజలం పోతాయి. తేమకు, వేడికి పాడయ్యే ఫిల్ము గుట్టలు తగ్గుతాయి. వైద్యంలోని డైకామ్ పద్ధతి ఆధారంగా రూపొందిన డైకాండ్ ఫార్మాట్‌లో, మార్చడానికి వీల్లేని మూల చిత్రాన్ని భద్రపరిచి, దూరాన ఉన్న కొనుగోలుదారు ఇన్‌స్పెక్టరుకు పంపవచ్చు.

పరిమితులు

ప్యానెల్ ఖరీదైనది, వేడికి సున్నితమైనది, పైపు వంపుకు అతుక్కోదు. వంగే ఫాస్ఫర్ ప్లేటు ఆ పని చేస్తుంది గానీ స్కానర్‌లో చదవాలి. అతిసన్నని పగుళ్లకు మేలురకం ఫిల్ము ఇప్పటికీ గట్టి పోటీ. కిరణం దిశకు అడ్డంగా ఉన్న పగులు ఈ రేడియోగ్రఫీ పద్ధతుల్లో దేనికీ సరిగా దొరకదు. బాగా మందమైన పాత్రల విషయంలో ఏఎస్‌ఎంఈ కోడ్ కేస్ 2235 రేడియోగ్రఫీకి బదులు అల్ట్రాసోనిక్ పరీక్షను అనుమతించింది. హజీరాలో తయారయ్యే మందపాటి రియాక్టర్ల వంటివాటికి ఇది వర్తిస్తుంది.

నిర్మాణ సమయంలో తీసిన రేడియోగ్రాఫ్ తర్వాతి కాలపు తుప్పును చూపలేదు. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ లైను పేలి ఇరవైమందికి పైగా మరణించిన ఘటనకు కారణంగా తేలింది లోపలి తుప్పు. నడుస్తున్న లైన్లలో గోడ మందం తరుగును చూడడానికి ప్యానెళ్లను వాడడం ఈ కోణంలోనే ప్రాధాన్యం పొందుతోంది.

ప్రస్తుతం కర్మాగారం షెడ్డులో ఒకే తరహా వెల్డులు వరుసగా వచ్చే చోట ప్యానెల్, వంపులున్న పైపులకు ఫాస్ఫర్ ప్లేటు, కొనుగోలుదారు కోడ్ కోరిన చోట ఫిల్ము వాడకంలో ఉన్నాయి. ఏది వాడినా చిత్రాన్ని చదివి తీర్పు చెప్పేది అర్హత పొందిన తనిఖీదారే.