చదరంగంలో వడ్లు, పద్యంలో 20 అంకెలు

సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు గుళ్లు కట్టించక ముందే తెలుగులో ఒక మహాసంఖ్య పద్యమైంది. ఆ పద్యం కట్టినవాడు పావులూరి మల్లన. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసింది ఆయనే.

చదరంగం తొలి గడిలో ఒక గింజ, తర్వాతి గడిలో రెండు, ఆపై నాలుగు. ఇలా 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615. మల్లన ఈ 20 అంకెలనూ భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానం నుంచి వెనక్కి చెప్పాడు. శరం అంటే 5, చంద్రుడు 1, వేదాలు 4, ఆకాశం సున్నా. శాసనాల్లో శక సంవత్సరాలు చెప్పే పద్ధతీ ఇదే. ఛందస్సు తప్పకుండా లెక్క తప్పకపోవడం మామూలు పని కాదు.

గింజ 25 మిల్లీగ్రాములనుకుందాం. సగం బల్ల, అంటే 32 గడులు నిండేసరికి 107 టన్నులు. మిర్యాలగూడ రైస్ మిల్లుకు అది నాలుగైదు లారీల సరుకు. కోదాడ హైవే మీద ఎవరూ తిరిగి కూడా చూడరు. మిగతా సగంలోనే ఉంది తిరకాసు: 64వ గడి దాటేసరికి 46,000 కోట్ల టన్నులు! ప్రపంచం ఏటా పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులే.

గింజలు పక్కన పెడితే, ఆ 20 అంకెల సంఖ్య 3, 5, 17, 257, 65537, 641, 6700417ల లబ్ధం. చివరి రెండింటినీ గుణిస్తే వచ్చే 4294967297ను గణితవేత్త ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి కాదని తేల్చాడు.