కాలిన ఫైలుకి అర్జీ

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. 2,440 ఫైళ్లు కాలిపోయాయనీ, ఓ 700 ఫైళ్లు సగం కాలిన స్థితిలో దొరికాయనీ ప్రభుత్వం లెక్క చెప్పింది. వాటిలో భూముల ఫైళ్లు చాలా ఉన్నాయి. మంట వెనక ఏముందో దర్యాప్తు, కోర్టులు తేల్చాలి. నేను అడిగేది వేరే ప్రశ్న. తెల్లారాక ఓ రైతు సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసుకొచ్చి, నా భూమి ఫైలు నకలు ఇవ్వండి అంటే ఏం చెప్తారు? లేని ఫైలు మీద హక్కు ఉంటుందా?

ముందు ఆ కాగితాలు అక్కడికి ఎలా చేరాయో చూద్దాం. మదనపల్లె ప్రాంతం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లోది. థామస్ మన్రో కాలం నుంచి రైత్వారీ లెక్కలున్న సీమ. పుంగనూరు జమీందారీ. కుప్పం వైపు కంగుంది జమీందారీ. అక్కడి రైతు పేరు ప్రభుత్వ పుస్తకంలో రైత్వారీ పట్టాగా ఎక్కింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. ఊళ్లో అడంగల్ కరణంగారి చేతిలో ఉండేది. చూడాలంటే ఆయన ఇంటి అరుగు దగ్గర నిలబడాల్సిందే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు పదవుల్ని తీసేసింది. పెట్టె కరణం ఇంటి నుంచి ప్రభుత్వ కచేరీకి మారింది. తాళం మాత్రం రైతుకి అందలేదు.

పైగా దూరం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు, డివిజన్లు వచ్చేదాకా పుంగనూరుకీ కుప్పానికీ కూడా రెవెన్యూ డివిజన్ కేంద్రం మదనపల్లే. కుప్పం రైతు ఒక సంతకం కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూములున్నాయి. వాటినే చుక్కల భూములంటారు. వాటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఒక గుమాస్తా పెట్టిన చుక్కల్ని మనవళ్ల మనవళ్లు మోస్తున్నారన్నమాట. ఇలాంటి చోట ఫైలు కాలడమంటే కాగితం కాలడం ఒక్కటే కాదు.

సమాచార హక్కు పుట్టింది కూడా ఇలాంటి కాగితం దగ్గరే. రాజస్థాన్‌లో కూలీలు మస్టర్ రోల్స్ నకళ్లు అడిగారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. 2005 అక్టోబర్ 12 నుంచి చట్టం పూర్తిగా అమల్లోకొచ్చింది. మన రాష్ట్రంలో అర్జీ ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు. ఇవన్నీ చాలామందికి తెలుసు. కానీ అర్జీ గురించి చెప్పే 6వ సెక్షన్ కంటే ముందు 4వ సెక్షన్ ఉంది. రికార్డుల్ని వరుసగా, సూచికతో, వెతికితే దొరికేట్టు ఉంచాలని అది కార్యాలయానికే చెప్తుంది. అంటే మనం అడగకముందే వాళ్ల పని మొదలవ్వాలి.

నేను పెట్టిన ఒక అర్జీకి 'రికార్డు లభ్యం కావడం లేదు' అని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. ఆ వాక్యం చదివి ఊరుకునేవాళ్లే ఎక్కువ. కానీ సమాచారం ఇవ్వకుండా ఉండడానికి చట్టం చెప్పిన మినహాయింపుల్లో 'ఫైలు పోయింది' అన్నది లేదు. కేంద్ర సమాచార కమిషనర్‌గా మన మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ఇదే మాట తన ఉత్తర్వుల్లో పదేపదే చెప్పారు. 2013లో ఢిల్లీ హైకోర్టు కూడా, ఒకప్పుడు ఉన్న రికార్డు దొరకడం లేదంటే గట్టిగా వెతకాలని, అవసరమైతే విచారణ జరిపి బాధ్యుల్ని తేల్చాలని చెప్పింది.

మరి నిజంగా కాలిపోతే? బూడిదకి నకలు తీయలేం. కానీ నా వృత్తిలో సర్వర్ పడిపోతే మేం మొదట వెతికేది లాగ్‌లు. ప్రభుత్వ ఫైలుకీ లాగ్‌లుంటాయి. తహసీల్దారు పంపిన నివేదికకి ఆఫీసు కాపీ మండలంలో ఉండాలి. అది ఇన్వర్డ్ రిజిస్టర్లో ఎక్కుతుంది. కలెక్టరేట్‌కి వెళ్తే అక్కడో నంబరు పడుతుంది. భూమి చేతులు మారితే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర జాడ ఉంటుంది. కాబట్టి అర్జీ ఒకటి కాదు, మూడు నాలుగు రాయాలి. 'నా ఫైలు ఇవ్వండి' అని ఆగకుండా, ఫలానా సర్వే నంబరు మీద ఫలానా ఏడాది నుంచి వచ్చిన, వెళ్లిన ఉత్తరాల రిజిస్టర్ పేజీలు అడగాలి. నకళ్లు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోవాలి.

మంటల తర్వాత మదనపల్లెకి ఉన్నతాధికారులు వస్తే జనం అర్జీలతో బారులు తీరారు. మంట ఆరాక ఇంకో కాగితం పట్టుకుని రావాల్సి రావడం వాళ్ల తప్పు కాదు. రికార్డు కాపాడాల్సింది కచేరీయే. కానీ కరణంగారి పెట్టె కాలం నుంచి ఇప్పటిదాకా కాగితం ఒక్కచోటే ఉండడం వల్లే రైతు బెదిరిపోతూ వచ్చాడు. పది రూపాయలతో తెచ్చుకున్న ధ్రువీకృత నకలు ఆ ఒక్కచోటుని రెండు చోట్లు చేస్తుంది. కుప్పంలో ఓ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న నకలుని మదనపల్లె మంట అందుకోలేదు.