గుత్తి సాలీడూ రెండేళ్ల కొలమానమూ

జీవుల వర్గీకరణ శాస్త్రంలో పాత వ్యాసానికి కాలదోషం పట్టదు. మొక్కల పేర్లకు లిన్నేయస్ 1753లో వేసిన పుస్తకం, జంతువుల పేర్లకు ఆయనదే మరో పుస్తకపు 1758 నాటి పదో కూర్పు ఈనాటికీ ఆరంభ రేఖలు. ముందు పెట్టిన పేరే నిలవాలన్న సూత్రానికి 1842లో స్ట్రిక్‌లాండ్ సంఘం నియమావళి రూపం ఇచ్చింది. అందుకే జాతి పేరు వెనక దాన్ని వర్ణించినవారి పేరు రాస్తారు. రక్తచందనం పేరు చివరి ‘ఎల్.ఎఫ్.’ లిన్నేయస్ కొడుకును సూచిస్తుంది. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ పేరు రక్తపింజర శాస్త్రీయ నామంలో ఇమిడిపోయింది, కర్తలుగా మాత్రం షా, నాడర్ నిలిచారు.

చిక్కు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించిన ఉల్లేఖనల సూచిక వ్యాసం చివరి ఆధారాల పట్టికనే లెక్కిస్తుంది. జాతి పేరు పక్కన కర్త పేరు, సంవత్సరం ఉన్నా, పట్టికలోకి ఎక్కకపోతే అది సున్నాయే. ఉల్లేఖనల లెక్కతో పత్రికలను తూచే, 1975 నుంచి ఏటా వెలువడుతున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంతకు ముందు రెండేళ్లలో అచ్చయిన వ్యాసాలనే చూస్తుంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నీలి సాలీడును పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో వర్ణించాడు. శతాబ్దం దాటాక, 2001లో, అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇది అదే సాలీడని చెప్పడానికి ఆధారం ఆ పాత వర్ణనే. రెండేళ్ల కొలమానంలో దాని ఆయువు 1901తోనే తీరిపోయేది.

మరి జాతిని వర్ణించిన మూల వ్యాసాన్నీ ఆధారాల పట్టికలో చేర్చాలి. ప్రతి జాతికీ అలా ఉదహరిస్తే పట్టికలు చేంతాళ్లవుతాయన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. వందల జాతుల సర్వేకు అది భారమే. కానీ గణాంకాల సాఫ్ట్‌వేర్‌ను ఉదహరించే పరిశోధకుడు, ఏ గ్రంథం చూసి జాతిని గుర్తుపట్టాడో చెప్పకపోవడం పద్ధతి దాచడమే. కనీసం దాన్నైనా పట్టికలో చేర్చాలి. ఉల్లేఖనలను కావాలని పెంచుకునే ప్రమాదం మాటేమిటని మరో ప్రశ్న. ఆ ప్రమాదం నిజమే. అయితే 2020లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వెలువరించే క్లారివేట్ సంస్థ స్వీయ ఉల్లేఖనలు ఎక్కువన్న కారణంతో ‘జూటాక్సా’ పత్రికను ఆ జాబితా నుంచి తప్పించినప్పుడు, కొత్త జంతుజాతుల వర్ణనల్లో పెద్ద భాగం అక్కడే అచ్చవుతున్న సంగతి లెక్కకు రాలేదు. రంగమంతా ఒకే పత్రికలో పోగుపడితే ఆ పత్రిక తననే ఉదహరించుకోక తప్పదు. శాస్త్రవేత్తల నిరసనల తర్వాత కొన్ని వారాల్లోనే దాన్ని తిరిగి చేర్చారు.

ఇక కొత్త జాతుల సంఖ్యతోనే మనిషిని తూచుదామంటే అది మరింత చేటు, ఒక జాతినే రెండుగా చీల్చే ఆశ పుడుతుంది. పాత నమూనాలన్నీ తిరగేసి, పది పేర్లు ఒకే జీవివని తేల్చినవారు జాబితాను కుదించారు. అది కొత్త జాతిని కనుక్కోవడానికి ఏమాత్రం తీసిపోని పని, అయినా ఈ లెక్కలో వారి ఖాతాలో పడేది శూన్యం.